కథ కంచికి వెళ్ళాక: ఆన్‌లైన్ ఆటల్లో ఒంటరి బాట, జట్టు ఆట

తెలుగు ఇళ్ళలో కథ చెప్పే పెద్దలు చివరన “కథ కంచికి, మనం ఇంటికి” అనేవారు. కథ ముగిసింది, విన్నవాళ్ళు లేచి తమ పనులు చూసుకోవచ్చు అని దాని అర్థం. కోలాటానికి అటువంటి ముగింపు లేదు. నిన్న వేసిన అడుగులే ఇవాళ వేస్తారు, రేపూ వేస్తారు. పక్కవాడి కోలకు తన కోల సరైన సమయానికి తగలడమే అందులో ఆనందం. అందుకు మనుషులు సరిసంఖ్యలో కావాలి. ఒకరు రాకపోతే ఇంకొకరి జత చెడుతుంది. కథకు ఒక్క శ్రోత చాలు. ఆ శ్రోత సగంలో నిద్రపోయినా ఎవరికీ నష్టం లేదు.

ఇంటర్నెట్‌లో వేలమంది కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలు ఈ రెండింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చాయి. వాటి పాళ్ళు ఎలా కుదరాలన్నది ఆటల రూపకర్తలను మొదటినుంచీ వేధిస్తున్న ప్రశ్న. పైకి అది కేవలం సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. కాని ఆడేవారి నిద్ర, ఉద్యోగం, ఇంటివారితో గడిపే పొద్దు దానిమీద ఆధారపడి ఉంటాయి. సొంత ఊరికి దూరంగా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వంటి చోట బతికేవారి విషయంలో ఈ సంబంధం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

క్వెస్టు, డన్జన్, రెయిడ్

ఈ ఆటల్లో ప్రతి ఒక్కరూ ఒక పాత్రను ధరిస్తారు. ఆ పాత్రకు ఊరిలో ఎవరో ఒక పని అప్పగిస్తారు: ఫలానా గుహలోని మూలిక తేవాలి, ఫలానా వంతెన దగ్గరి దొంగలను తరమాలి. దీన్ని క్వెస్టు అంటారు. పని పూర్తయితే కొంత అనుభవం, కొంత ధనం, కథలో ఒక మెట్టు ముందుకు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళుతూ, వెంట వచ్చిన గోపకుమారుడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. క్వెస్టుల వరస అటువంటిదే. మజిలీలో ఆగిపోవచ్చు, మర్నాడు అక్కడినుంచే బయలుదేరవచ్చు. ఎవరి నడక వారిది.

డన్జన్ అన్నది చిన్న జట్టు కోసం కట్టిన కోట. సాధారణంగా నలుగురో అయిదుగురో కలిసి లోపలికి వెళ్తారు. ఒకరు శత్రువు దెబ్బలు తన మీదికి తీసుకుంటారు, ఒకరు గాయాలు మాన్పుతారు, మిగిలినవారు శత్రువును కొడతారు. రెయిడ్ అంటే ఇంతకంటె పెద్ద దండయాత్ర. పది, ఇరవై, ఒకప్పుడు నలభైమంది కూడా కావలసివచ్చేది. వీటిని ఒకసారి గెలిస్తే సరిపోదు. కావలసిన ఆయుధమో కవచమో గెలిచిన ప్రతిసారీ దొరకదు కనుక, అదే కోటకు వారం వారం వెళ్ళాలి.

ఈ లోకాలకు మూలం 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన మడ్ అనే ఆట. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. బార్టిల్ 1996లో రాసిన ఒక వ్యాసంలో ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు: సాధించాలనుకునేవారు, లోకాన్ని తిరిగి చూడాలనుకునేవారు, నలుగురితో కలవాలనుకునేవారు, ఇతరులపై పైచేయి కోరేవారు. ఒక రకం పెరిగితే మరొక రకం తగ్గుతుందనీ, ఆటను నడిపేవారు ఈ సమతూకాన్ని కనిపెట్టుకొని ఉండాలనీ అతని వాదన.

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ జట్టువైపు గట్టిగా మొగ్గింది. కొన్ని లెవెళ్ళు దాటాక చాలా పాత్రలకు ఒంటరిగా ముందుకు సాగడం దుర్భరమయ్యేది. చనిపోతే సంపాదించిన అనుభవంలో కొంత పోయేది. శవం దగ్గరే ఉండిపోయిన సామగ్రి కోసం తిరిగి ఆ ప్రమాదస్థలానికే వెళ్ళవలసివచ్చేది. ఆ కష్టం వల్లనే గాఢమైన స్నేహాలు ఏర్పడ్డాయని పాత ఆటగాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2004 నవంబరులో అమెరికాలో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దారి మార్చింది. మొదటి లెవెల్ నుంచి చివరిదాకా క్వెస్టులు చేసుకుంటూ ఒంటరిగానే చేరగల బాట వేసింది. జట్టు అవసరం ప్రధానంగా ఆ తరవాత మొదలవుతుంది.

నికొలస్ డ్యుషెనో, నిక్ యీ తదితరులు ఆ ఆటలో లక్షకు పైగా పాత్రల కదలికలను గమనించి, 2006లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. వేలమంది ఉన్న లోకంలో ఆటగాళ్ళు, ముఖ్యంగా తొలి దశల్లో, చాలాభాగం విడివిడిగానే ఆడుతున్నారని వారికి తేలింది. అయినా ఇతరుల ఉనికి వృథా కాదు. వారు ప్రేక్షకులు, పక్కన వినబడే సందడి, అప్పుడప్పుడు వినోదం. సంతకు వెళ్ళినవాడు ఎవరితోనూ మాట్లాడకపోయినా సంతలో ఉన్నట్టే కదా.

రెండు వైఫల్యాలు

కథ రాయడం ఖరీదైన పని. రచయితలు, చిత్రకారులు, గొంతు ఇచ్చే నటులు నెలల తరబడి తయారుచేసినదాన్ని ఆటగాడు రెండు మూడు సాయంత్రాల్లో ముగిస్తాడు. ఒక కోటను కడితే దాన్ని నెలల తరబడి మళ్ళీ మళ్ళీ ఆడించవచ్చు. నెలనెలా చందా మీద బతికే సంస్థకు ఈ తేడా ప్రాణప్రదమైనది.

2011 డిసెంబరులో వచ్చిన స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ ఎనిమిది రకాల పాత్రలకు ఎనిమిది విడి కథలు, అన్ని సంభాషణలకూ గొంతులతో ఇచ్చింది. ఆడినవారు మెచ్చుకున్నారు. కాని కథ కంచికి వెళ్ళగానే చాలామంది ఇంటికి వెళ్ళారు. 2012 ఫిబ్రవరిలో 17 లక్షలుగా ప్రకటించిన చందాదారుల సంఖ్య మేనెల ప్రకటన నాటికి 13 లక్షలకు దిగింది. ఆ ఏడాది నవంబరులో చందా లేకుండా ఆడే పద్ధతి ప్రవేశపెట్టవలసివచ్చింది.

దీనికి ఎదురు కొస 2014 జూన్‌లో వచ్చిన వైల్డ్‌స్టార్. పాతకాలపు నలభైమంది రెయిడ్లను తిరిగి తెస్తామనీ, లోపలికి అడుగు పెట్టడానికే సుదీర్ఘమైన అర్హతా పరీక్షలు ఉంటాయనీ చాటుకుంది. అంత తీరిక, అంత పెద్ద జట్టు ఉన్నవారు కొద్దిమందే. 2018 నవంబరులో ఆ ఆట మూతబడింది. ఈ రెంటి పతనానికీ వేరే కారణాలు కూడా ఉన్నాయి. అయినా కథ ఒక్కటే మనిషిని నిలపలేదనీ, కోలాటం ఒక్కటే మనిషిని పిలవలేదనీ వీటిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

పదింట తొమ్మిది వంతుల లెక్క

జట్టు ఆట ఎందుకు అంత సమయం తింటుందో చిన్న లెక్కతో అర్థమవుతుంది. కావలసిన ఆయుధం ఒక్కో గెలుపుకు పదింట ఒక వంతు అవకాశంతో దొరుకుతుందనుకుందాం. పదిసార్లు గెలిస్తే తప్పక దొరుకుతుందని మనసుకు అనిపిస్తుంది. ప్రతిసారీ దొరకకుండా పోయే అవకాశం పదింట తొమ్మిది వంతులు. దాన్ని పదిసార్లు హెచ్చిస్తే వచ్చేది సుమారు 0.35. అంటే పది వారాలు వెళ్ళినా నూటికి ముప్ఫై అయిదుమంది ఖాళీ చేతులతోనే ఉంటారు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి, క్రమంగా వచ్చే బహుమతి కంటె ప్రాణిని పట్టుదలగా ఆ పని చేయిస్తుందని ఫెర్స్టర్, స్కిన్నర్ 1957లోనే ప్రయోగాలతో చూపించారు.

అదే అంకె రెండోసారి మరో వేషంలో వస్తుంది. పదిమంది జట్టులో ఒక్కొక్కరు ఇచ్చిన మాట ప్రకారం నూటికి తొంభై సాయంత్రాలు రాగలరనుకుందాం. ఎవరికి వారు నమ్మకస్తులే. కాని పదిమందీ ఒకే సాయంత్రం హాజరయ్యే అవకాశం మళ్ళీ 0.35 మాత్రమే. అయిదుగురైతే 0.59. నలభైమందైతే నూటికి ఒకటిన్నర. కనుక జట్లు అదనపు సభ్యులను ఉంచుకుంటాయి, హాజరుపట్టీ రాస్తాయి, రానివారిని సంజాయిషీ అడుగుతాయి. జట్టు పెద్దదయ్యేకొద్దీ ఆట ఉద్యోగంలా మారడానికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు, గుణకారమే కారణం.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని ఒక చిన్న ఏర్పాటు ఇక్కడ గమనించదగినది. తయారీదశలో, చాలాసేపు ఆడినవారికి అనుభవం సగానికి తగ్గేలా పెట్టారు. పరీక్షించినవారికి అది శిక్షలా తోచింది. అప్పుడు అంకెల అర్థం తిరగేసి, ఆట మూసి విశ్రాంతి తీసుకున్నవారికి కొంతసేపు రెట్టింపు అనుభవం వస్తుందని చెప్పారు. అందరూ సంతోషించారు. అయితే ఆ విశ్రాంతి లాభం వర్తించేది లెవెళ్ళు ఎక్కే దశకే. రెయిడ్ బహుమతులు వారానికొకసారి. ఆ వారం తప్పితే తప్పినట్టే. ఒంటరి బాటసారికి సెలవు దొరికింది, జట్టు మనిషికి దొరకలేదు.

దుబాయ్ గడియారం

ఇప్పుడు ఈ లెక్కను ఎమిరేట్స్‌కు తీసుకువెళ్దాం. అక్కడి జనాభాలో అత్యధికులు విదేశీయులు, వారిలో భారతీయులది మొదటి స్థానం. నెలకు 4000 దిర్హములు, లేదా వసతి ఇస్తే 3000, సంపాదించేవారే కుటుంబాన్ని తెచ్చుకోగలరని 2019 నుంచి నియమం. అంతకు తక్కువ జీతగాళ్ళు, అంతకు కొంచెం ఎక్కువైనా అద్దెలు భరించలేనివాళ్ళు, అక్కడి మాటలో ‘బ్యాచిలర్లు’గా, ఒక గదిలో ‘బెడ్‌స్పేస్’ తీసుకుని బతుకుతారు. వారిలో పెళ్ళయినవారూ ఎందరో. వేసవి నెలల్లో బయట తిరగడం కష్టం. అటువంటి సాయంత్రాల్లో ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో పిలిచే జట్టు ఒక తోడు. ఆ తోడును తేలికగా కొట్టిపారేయకూడదు. పేరు పెట్టి పలకరించేవాళ్ళు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు పరాయి దేశంలో అంత సులభంగా దొరకరు.

కాని ఆ జట్టు ఉండేది ఎక్కడ? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో గల్ఫ్‌వాసులు సాధారణంగా ఐరోపా సర్వర్లలో ఆడతారు. పశ్చిమ ఐరోపాలో రాత్రి 8 గంటలకు రెయిడ్ మొదలైతే దుబాయ్‌లో వేసవిలో 10, శీతాకాలంలో 11. మూడు గంటల ఆట ముగిసేసరికి తెల్లవారుజామున 1 లేదా 2. ఆరున్నరకు లేచి షార్జా నుంచి దుబాయ్ రద్దీలో పడవలసినవాడికి మిగిలేది నాలుగున్నర నుంచి అయిదున్నర గంటల నిద్ర. వయోజనులకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్యనిపుణుల సంఘాలు 2015లో తీర్మానించాయి. ఇక దుబాయ్‌లో 10 అయినప్పుడు హైదరాబాదులో 11:30. రెయిడ్ తరవాత ఇంటికి ఫోన్ చేయడం కుదరదు, ముందే చేయాలి. ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైన రోజున ఆ రెంటిలో ఒకటి మానుకోవాలి.

వారాంతం సంగతి కూడా అంతే. 2021 చివరిదాకా ఎమిరేట్స్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. ఐరోపావారు శనివారం రాత్రి ధీమాగా కూర్చునే ఆటకు దుబాయ్ మనిషి మర్నాటి ఉద్యోగాన్ని తలచుకుంటూ కూర్చునేవాడు. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వం శని, ఆదివారాలను వారాంతం చేసి, శుక్రవారం సగం రోజు పని ఉంచింది. షార్జా మూడు రోజుల సెలవు ఇచ్చింది. వాణిజ్యం కోసం చేసిన ఆ మార్పు, అనుకోకుండా, జట్టు ఆటగాళ్ళకు ఒక రాత్రిని కలిపి ఇచ్చింది. వారానికి ఆరు రోజులు పనిచేసేవారికి ఆ లాభం అంతగా అందలేదు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. దుబాయ్ నుంచి పశ్చిమ ఐరోపాకు సుమారు 5000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, తీగ సూటిగా ఉన్నా రానూపోనూ 50 మిల్లీసెకండ్లు తప్పవు. నిజమైన తీగలు ఎర్రసముద్రం గుండా వంకరగా పోతాయి కనుక ఇంకా ఎక్కువ. 2008 ఆరంభంలో అలెగ్జాండ్రియా దగ్గరా గల్ఫ్‌లోనూ, 2025 సెప్టెంబరులో జెడ్డా సమీపంలోనూ సముద్రగర్భ తీగలు తెగినప్పుడు ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ మందగించింది. దానికి తోడు, అనుమతి పొందిన యాప్‌లలో తప్ప ఇంటర్నెట్ ద్వారా గొంతుతో మాట్లాడుకోవడం మీద ఆ దేశంలో నియంత్రణ ఉంది. మూలికలు ఏరుకునే ఒంటరివాడు తెర ఒక క్షణం ఆగితే విసుక్కుని ఊరుకుంటాడు. గాయాలు మాన్పే బాధ్యత ఉన్నవాడి తెర ఆగితే జట్టంతా చస్తుంది. ఒకే ఆట, ఒకే చందా; కాని జట్టు భాగం దూరాన ఉన్నవాడి దగ్గర ఎక్కువ వసూలు చేస్తుంది.

కుదిర్చినవారు

రూపకర్తలు ఈ చిక్కును విప్పడానికి కొన్ని మార్గాలు కనిపెట్టారు. 2009 డిసెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వేరువేరు సర్వర్లలోని అపరిచితులను కలిపి డన్జన్‌కు పంపే యంత్రాంగం పెట్టింది. సమయం ఆదా అయింది. అయితే మళ్ళీ కలవని మనుషుల మధ్య మర్యాద పలచబడిందన్న ఫిర్యాదూ మొదలైంది. రైలుపెట్టెలో పరిచయానికీ, ఊరి రచ్చబండ మీద పరిచయానికీ ఉన్న తేడా అది. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 మరో దారి పట్టింది. దారినపోయే ఎవరైనా జరుగుతున్న పోరులో చేయి వేయవచ్చు. జట్టుగా నమోదు కానక్కరలేదు, ఒకరికి దక్కింది ఇంకొకరి వాటా తగ్గించదు. అప్పుడు పెట్టిన గరిష్ఠ లెవెల్ 80 ఇప్పటికీ మారలేదు కనుక, ఏడాది మానేసి వచ్చినవాడు వెనకబడినట్టు కాదు.

అన్నిటికంటె పాఠం చెప్పేది ఫైనల్ ఫాంటసీ 14. 2010లో విఫలమై, నావొకి యోషిదా చేతిలో 2013లో మళ్ళీ పుట్టిన ఆట ఇది. ఇందులో ప్రధాన కథ ఒంటరి నడకే, కాని మధ్యమధ్య డన్జన్ దాటితేగాని కథ సాగదు. కొత్తగా వచ్చినవాడికి పాత డన్జన్‌లో తోడు ఎవరు? దీనికి రూలెట్ అనే ఏర్పాటు ఉంది. ఆరితేరినవారు రోజుకోసారి ఏదో ఒక పాత డన్జన్‌కు వెళ్ళడానికి ఒప్పుకుంటే వారికి మంచి బహుమతి వస్తుంది. వారి బలాన్ని ఆ డన్జన్ స్థాయికి తగ్గిస్తారు. ఒకరి నిత్యకృత్యం మరొకరి తొలి అడుగుకు ఆసరా అవుతుంది.

అక్కడా తగవు వచ్చింది. మొదటి కథ చివరి ఘట్టాల్లో దీర్ఘమైన దృశ్యాలు ఉన్నాయి. కొత్తవారు వాటిని చూస్తుంటే, పాతవారు ముందుకు ఉరికి పోరు ముగించేసేవారు. దృశ్యాలు తీరాక కొత్తవాడికి మిగిలేది ఖాళీ మందిరం. తరవాత ఆ దృశ్యాలను ఎవరూ దాటవేయలేకుండా చేశారు. అప్పుడు పాతవారు చూసిందే చూస్తూ కూర్చోవలసివచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఘట్టాలనే తిరగరాసి, ఎనిమిదిమందికి బదులు నలుగురు సరిపోయేలా చేశారు. తొలి కథలోని డన్జన్లకు కంప్యూటరే నడిపే సహచరులను ఇచ్చి, మనుషులు కావాలో వద్దో ఆటగాడి ఇష్టానికి వదిలారు. ఎప్పుడూ ఇదే ఆడనక్కరలేదనీ, వేరే ఆటలు ఆడి కొత్త భాగం వచ్చినప్పుడు తిరిగి రావచ్చుననీ యోషిదా బహిరంగంగానే చెప్పాడు. 2024 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కూడా ఒంటరిగానో కొద్దిమందితోనో ఆడుకునే డెల్వ్ అనే గుహలను చేర్చి, వారంవారీ బహుమతుల్లో వాటికీ వాటా ఇచ్చింది. పోటీ పెట్టకుండా ఒకదానికొకటి అందించుకునేలా కూర్చినప్పుడే ఈ రెండు పాళ్ళూ కుదురుతున్నాయని ఈ అనుభవాల సారం.

వ్యసనమా, ఇచ్చిన మాటా?

ఎమిరేట్స్ వారాంతం మారిన రోజునే, 2022 జనవరి 1న, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు అమలులోకి వచ్చింది. అందులో 6సి51 సంఖ్య కింద గేమింగ్ రుగ్మత చేరింది. లక్షణాలు మూడు: ఆట మీద అదుపు తప్పడం, తక్కిన వ్యాపకాలన్నిటినీ ఆట వెనక్కి నెట్టడం, హాని జరుగుతున్నా మానకపోవడం. ఇవి జీవితాన్ని గణనీయంగా దెబ్బతీయాలి, సాధారణంగా పన్నెండు నెలలు కొనసాగాలి. ఎక్కువ గంటలు ఆడినంతమాత్రాన రోగం కాదు.

ఈ నిర్వచనం వ్యక్తి లోపలి తపనను చూస్తుంది. జట్టు ఆటలో మరొకటి కలుస్తుంది: తొమ్మిదిమందికి ఇచ్చిన మాట. రాత్రి 1 గంటకు కళ్ళు మూతలు పడుతున్నా కూర్చునేవాడు ఆట మీద మోజుతో కూర్చున్నాడో, తాను లేస్తే మిగతావారి సాయంత్రం పాడవుతుందని కూర్చున్నాడో బయటినుంచి చూసేవారికి తెలియదు. చికిత్స రెంటికీ ఒకటి కాదు. మొదటివాడికి వైద్యుడి సాయం అవసరం కావచ్చు. రెండోవాడికి తరచు జట్టు వేళ మార్చుకోవడమో, చిన్న జట్టులోకి మారడమో, ప్రతివారం కాక నెలకు రెండుసార్లు వస్తానని ముందే చెప్పడమో సరిపోతుంది. ఆటలో ఎదురుపడే మనుషులు తప్ప మరో తోడు లేనివాడిని ఒక్కసారిగా మాన్పిస్తే, ఆటతోపాటు ఆ తోడునూ తీసివేసినట్టవుతుంది.

ఇళ్ళలో పిల్లల విషయంలోనూ ఈ విభజన పనికివస్తుంది. అన్నానికి పిలిస్తే “ఇప్పుడు మధ్యలో ఆపలేను” అనే పిల్లవాడు డన్జన్‌లో ఉంటే నిజమే చెబుతున్నాడు. అతని వెంట మరో నలుగురు ఉన్నారు. క్వెస్టు చేస్తుంటే ఆ మాట చెల్లదు. ఎన్ని గంటలు ఆడుతున్నావని అడిగే తల్లిదండ్రులు మరికొన్ని ప్రశ్నలు అడగడం మేలు. ఈ ఆటను ఎక్కడైనా ఆపి లేవవచ్చా? ఒక వారం మానితే పోయేదేమిటి, దాన్ని తరవాత పూడ్చుకోవచ్చా? వేళ ఎవరు నిర్ణయిస్తున్నారు, వారి గడియారం ఏ దేశానిది? రాకపోతే జట్టువారు ఏమంటారు?

ఆటను ఎంచుకునే పెద్దలకూ ఈ ప్రశ్నలే కొలబద్ద. వారానికి రెండు ఖాళీ సాయంత్రాలు, అవీ ముందుగా తెలియని షిఫ్టు ఉద్యోగికి కథ బలంగా ఉండి, అరగంట జట్లతో సరిపెట్టే ఆట అనువైనది. అబూధాబిలోనో అజ్మాన్‌లోనో ఒంటరిగా ఉండి మనుషుల కోసం ఆడేవాడికి కథ ఒక్కటే చాలదు. అతనికి స్థిరమైన జట్టు కావాలి, వీలైతే గల్ఫ్ లేదా భారత కాలమానంలో కూర్చునే జట్టు. గంటన్నర తేడాలో ఉన్నవారితో కలిస్తే రాత్రి పదిన్నరకల్లా ఆట ముగుస్తుంది. ఆటలో అతని బలం బహుశా కొంత నెమ్మదిగా పెరుగుతుంది. ఇంటికి ఫోన్ చేసే వేళ మాత్రం చెడదు.